ఏడో గుంజ

రండి, రండి, దగ్గరికి జరగండి. పొట్టివాళ్ళు ముందుకి, పొడుగువాళ్ళు వెనక్కి. ఆ గోడవార కూర్చున్న వదినలిద్దరూ మీ కోడళ్ళ సంగతి కాసేపు కట్టిపెట్టండమ్మా, ఇక్కడ నేనే ఒక కోడలి కథ ఎత్తుకుంటున్నాను. ఎవరి ఫోనైనా మోగిందో, అది నా సంచిలో పడుతుంది. దగ్గేవాళ్ళు ఇప్పుడే దగ్గేయండి. అయిందా? ఆ చివరాయన ఇంకోసారి దగ్గుతాడట, ఆగుదాం. సరే.

ఒక కోడలుండేది. ఆవిడ ఉద్యోగం ఏమిటంటే, వంకర గీతకి ఇంకో వంకర గీత అతికించడం. నవ్వకండి. పిలిచి కుర్చీ వేసి మరీ చేయించే పని అది.

సినిమాలో ఆకాశమంత కోట కనిపిస్తుంది కదా. నిజానికి అక్కడ కట్టేది మనిషి తల దాటేంత కర్ర మాత్రమే. ఆపైనంతా కంప్యూటర్లో కడతారు. కర్ర ఆగిపోయిన చోట కంప్యూటర్ మొదలవుతుంది, ఆ అతుకు ఎవరికీ తెలియకూడదు. తెలిసిందో, హాల్లో కూర్చున్నవాడు కోటని వదిలేసి అతుకునే చూస్తాడు.

అందులో చిక్కంతా కెమెరా అద్దంతోనే. వెడల్పుగా చూసే అద్దం నడిమధ్యలో బుద్ధిగానే ఉంటుంది. అంచులకొచ్చేసరికి దానికి ఒళ్ళు తెలియదు. తిన్నటి గీతని కూడా బానపొట్టలా ఉబ్బించి చూపిస్తుంది. కంప్యూటర్‌కి ఆ జబ్బు లేదు, అది గీసిన గీత తాడు లాగి కట్టినట్టుంటుంది. అందుకని ఏ అద్దం ఎంత వంచుతుందో కొలిచి, కంప్యూటర్ కోటని కూడా సరిగ్గా అంతే వంచి, అప్పుడు రెంటినీ కలపాలి. కొలవడానికి నల్లా తెల్లా గళ్ళున్న తలుపంత బోర్డు ఒకటుంటుంది. దాన్ని అదే అద్దంతో తీసి, ఏ గడి ఎక్కడ ఎంత వంగిందో లెక్క కడతారు. ఆ బోర్డు ఎప్పుడూ ఆవిడ కుర్చీ వెనకే గోడకి ఆనించి ఉండేది. అందుకే ఆఫీసులో అందరూ ఆవిడని గళ్ళమ్మ అనేవాళ్ళు.

ఇక ఈ సినిమాకి తెచ్చిన అద్దం ఉంది చూశారూ, అబ్బో! అదెంత వెడల్పుదంటే, కెమెరా పట్టుకున్నాయన చెవులే చెరోవైపు నుంచి బొమ్మలోకి వచ్చేవి. వీధి మొదట్లో కెమెరా పెడితే, వెనకింట్లో తల దువ్వుకుంటున్నావిడ కూడా కొంగు సర్దుకుని నిలబడేదట. నేను చూడలేదు. చూసినవాళ్ళు చెప్పారు, వాళ్ళు నాకంటే కోతలరాయుళ్ళు.

గళ్ళమ్మ చేతికొచ్చింది మొత్తం సినిమాలో నాలుగు సెకన్ల ముక్క. వరసగా గుంజలు. కెమెరా ఎడమ నుంచి కుడికి తాపీగా తిరుగుతూ ఉంటే ఒక్కో గుంజా కనిపిస్తుంది. గుంజల పైన అరవై అడుగుల కంప్యూటర్ కోట. ఒకటి అతుక్కుంది, రెండు అతుక్కుంది, అలా ఆరు దాకా వెన్నలా అతుక్కున్నాయి. ఏడోది మాత్రం చిట్టచివర, బొమ్మకి కుడి అంచున, కనిపించేదే సెకనున్నర. అక్కడ కర్ర గుంజ ఒక దారి, కంప్యూటర్ గుంజ ఇంకో దారి. బొటనవేలంత ఎడం.

అంచు కాబట్టి అద్దం మీదే అనుమానం పడింది గళ్ళమ్మకి. అద్దం లెక్కని ఒక వీసం అటు తిప్పింది. ఏడోది అతికింది, ఆరోది ఊడింది. ఇటు తిప్పింది. ఆరోది అతికింది, ఏడోది ఊడింది. రెండూ కలిపి పట్టుకుంటే మూడోది జారింది. అలా ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, నలభై మూడు సార్లు. నెలన్నర.

మనిషి ఎలా అయిపోయిందంటే, కళ్ళు ఎంత లోపలికి పోయాయో, కళ్ళజోడు పెట్టుకోవాలంటే ముందు కళ్ళెక్కడున్నాయో తడుముకోవాల్సి వచ్చేది. కూర్చునే కుర్చీకి ఆవిడ నడుం నొప్పి అంటుకుంది, ఆవిడ లేచినా అది మూలుగుతూనే ఉండేది. ఆఫీసు గది కిటికీలకి నల్ల గుడ్డలు. లోపల పగలూ లేదు, సాయంత్రమూ లేదు, గోడకున్న గడియారం కూడా విసుగెత్తి పది నిమిషాలు వెనకబడి నడిచేది. ఇంటికెళ్తే అక్కడా అదే గోల. స్నానాల గదిలో పలకలు చూస్తే ఇదేం అద్దంతో తీశారో అనిపించేది. బస్సులో పట్టుకునే కడ్డీ వంగినట్టుండేది. మొగుడు నవ్వితే పెదవి అంచుల దగ్గర వంపు కొంచెం ఎక్కువైందే అనుకునేది.

"ఏంటలా చూస్తున్నావ్?" అన్నాడు ఆయన ఒకరోజు.

"ఏం లేదు. నువ్వు మధ్యలో బానే ఉన్నావు" అంది, అటు తిరిగి పడుకుంది.

ఇంత విసిగిపోయిన మనిషి ఆ ఏడో గుంజని వదిలేయొచ్చు కదా అంటారు మీరు. వదిలేయలేదు. ఎందుకంటే ఆ గుంజ ముందు నిలబడి ఉన్నది ఆవిడ మామగారు.

మామగారు వడ్రంగి. నలభై ఏళ్ళు సినిమాలకి సెట్లు కట్టారు. ఆయన నిలబెట్టిన మేడల్లో రాజులు కాపురాలు చేశారు, తగువులాడుకున్నారు, తగలబెట్టుకున్నారు. ఆయన మాత్రం ఏనాడూ తెర మీదికి రాలేదు, ఆయన చోటెప్పుడూ కెమెరా వెనకే. ఈ సినిమాతో పని మానేశారు. మానేసే ముందు, ఆ ఒక్క ముక్కలో, కుడి చెవి మీద పెన్సిలుతో సహా పడ్డారు. ఇక చూడండి! వీధిలో జుట్టు కత్తిరించేవాడికి చెప్పారు, బట్టలు కుట్టేవాడికి చెప్పారు, బీపీ చూడ్డానికొచ్చిన నర్సమ్మ చెయ్యి పట్టుకుని చెప్పారు.

"డైరెక్టరే వచ్చాడు తల్లీ. ఇదిగో, ఈ భుజం పట్టుకున్నాడు. పెద్దాయనా, నీ మొహంలో ఒక ఇది ఉందయ్యా, ఇక్కడ నిలబడు అన్నాడు."

"ఏది ఉందన్నాడండీ?" అనేది నర్సమ్మ.

"అదే, ఒక ఇది."

నర్సమ్మ చూసే పట్టీలో అంకె పది పెరిగేది. సినిమా విడుదల రోజుకి వీధంతా రెండు వరసల సీట్లు అనుకుని పెట్టుకున్నారు.

అలాంటి సమయంలో, ఒకరోజు పొద్దున్నే, అందరూ ఇంకోసారి సారు అనే ఆయన వచ్చాడు. ఆయన గళ్ళమ్మకి పైవాడు. ఏది చూపించినా "ఇంకొక్కసారి" అంటాడు కాబట్టి ఆ పేరు. కంట్లో వేసుకునే మందు సీసా ఎప్పుడూ జేబులోనే. ఆయనా తక్కువ అలిసిపోలేదు, గోడకి ఆనుకుంటే గోడే ఆయన్ని మోసేది.

"అమ్మా, ఇవాళ ఐదింటికి ఆఖరు. ఆపైన నా చేతుల్లో లేదు."

"ఐదింటికా సార్?"

"ఐదింటికే. అప్పటికీ అతక్కపోతే కుడి అంచు కోసేద్దాం. కాస్త దగ్గరికి లాగితే చాలు, ఆ ఏడో గుంజ బొమ్మలోంచి బయటికి పోతుంది. పీడా పోతుంది."

"అక్కడ ఒక మనిషున్నాడు సార్."

"ఆ ముసలాయనా? ఆయన కథలో ఉన్నాడా?"

"లేడు సార్."

"ఎవరైనా ఆయనతో మాట్లాడతారా?"

"లేదు సార్."

"మరింకేం తల్లీ, ఇన్నాళ్ళూ నా ప్రాణం తీశావు!" అని, కంట్లో రెండు చుక్కలు వేసుకుని, ఏడుస్తున్నవాడిలా వెళ్ళిపోయాడు.

ఆయన మా మామగారండీ అని గళ్ళమ్మ అనలేదు. అంటే, ఓహో అందుకా నెలన్నర, అనేస్తారు. ఆ మాట వినే ఓపిక కూడా ఒంట్లో లేదు.

పన్నెండున్నరకి మామగారు రోజూలాగే క్యారియర్ పట్టుకుని వచ్చారు. పని మానేశాక ఇంట్లో కాలు నిలవక, కోడలికి భోజనం తేవడం ఉద్యోగంగా పెట్టుకున్నారు. ఆఫీసు మెట్ల మలుపులో ఇద్దరూ కూర్చుని తినేవాళ్ళు. వచ్చీ రాగానే ఆయన కటకటాలు తట్టి చూస్తారు, మెట్ల ఎత్తులు సమంగా లేవని కట్టినవాణ్ణి రోజుకో తిట్టు తిడతారు.

"ఏమ్మాయీ, మొహం అలా ఆరేసిన గుడ్డలా ఉందేంటి?"

"తినండి మామయ్యా. తిన్నాక చెప్తాను."

"తిన్నాక చెప్పే సంగతంటే తిననివ్వని సంగతే. చెప్పెయ్."

చెప్పింది. ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"కోసేస్తారా? సగమా, మొత్తమా?"

"మొత్తం మామయ్యా."

"పెన్సిలు కూడానా?"

"పెన్సిలు కూడా."

ఆయన ఆ ముద్దని మెల్లగా డబ్బాలో పెట్టేశారు. ఒక మేకు వంకరగా దిగితే ఊరంతా వినపడేలా అరిచే మనిషి, వేళ్ళకంటిన మెతుకులు ఒక్కొక్కటే దులుపుకున్నారు. గళ్ళమ్మకి అది అరుపు కంటే కష్టంగా తోచింది.

"అంతా ఆ దిక్కుమాలిన అద్దం వల్లే మామయ్యా. గళ్ళ బోర్డు లెక్క ఆరు గుంజలకీ సూదిలో దారంలా సరిపోయింది. ఏడోదాని దగ్గరికొచ్చేసరికి దానికి పిచ్చెక్కుతోంది."

"అద్దాన్ని తిట్టకమ్మా."

"ఎందుకు తిట్టకూడదు? నెలన్నర నుంచి నా ఉసురు పోసుకుంది."

"దానికేం తెలుసు పాపం" అన్నారాయన. క్యారియర్ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి, మూత బిగించి, లేచారు. "వస్తానమ్మా. పోనీలే. నన్ను చూసి ఎవరు టిక్కెట్టు కొంటారు!"

మెట్లు దిగడం మొదలుపెట్టారు. గళ్ళమ్మ అక్కడే కూర్చుండిపోయింది. లేవాలి, నలభై నాలుగోసారి మొదలుపెట్టాలి. కాళ్ళు మా వల్ల కాదన్నాయి. ఆయన మోకాళ్ళు ఒక్కో మెట్టుకీ టకటక మనడం వినపడుతోంది. ఎనిమిది, తొమ్మిది, పది. పదకొండో మెట్టు దగ్గర చప్పుడు ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత అదే టకటక పైకి రావడం మొదలైంది.

వచ్చి, ఎదురుగా నిలబడి, గోడకేసి చూస్తూ అన్నారు.

"అమ్మాయీ, ఆ గుంజ వంకర."

"అంచున అన్నీ వంకరగానే కనిపిస్తాయి మామయ్యా, చెప్పాను కదా."

"కనిపించడం కాదే తల్లీ. వంకరే. నేను పాతిందే వంకర గుంజ."

గళ్ళమ్మకి వెంటనే ఎక్కలేదు. నిద్రలేని బుర్ర కదా, ఏ మాటైనా నాలుగు మలుపులు తిరిగి గానీ లోపలికి వెళ్ళదు.

ఆయనే చెప్పుకొచ్చారు. ముందు ఆరు గుంజలే అన్నారట. ఆరూ ఎండిన కర్ర, చిత్రిక పట్టి, గుండు కట్టిన దారం వదిలి, నిలువు చూసి పాతారు. తీరా కెమెరా పెట్టాక డైరెక్టరు ఏడోది కావాలన్నాడు. ఎండిన కర్ర అయిపోయింది. ఉన్నది నిన్నో మొన్నో కోసిన పచ్చి కర్ర. దాన్నే చిత్రిక పట్టి పాతారు. పాతినప్పుడు దారానికీ దానికీ మధ్య గాలి దూరలేదు. మూడు గంటలు ఎండలో నిలబడేసరికి విల్లులా తిరిగింది.

"చూసేసరికి కెమెరా తిరగబోతోంది. పీకి మళ్ళీ పాతే టైము లేదు. నలభై ఏళ్ళలో నీ గుంజ వంకరయ్యా అన్న మాట ఎవడి నోటా వినలేదమ్మా నేను. ఆఖరి పనిలో వినాలా? అందుకని పరిగెత్తి దాని ముందు నిలబడ్డాను. పొట్టంతా నా వెనక దాక్కుంది. తల మీద రెండు జానలు మాత్రం బయటికి మిగిలింది."

"మరి డైరెక్టరు పిలిచి, భుజం పట్టుకుని..."

"భుజం పట్టుకున్న మాట నిజం" అన్నారు మామగారు. "పక్కకి లాగేయడానికి పట్టుకున్నాడు. నేను కదల్లేదు. ఎండ పోతోంది, ఏడిచాడులే, వదిలెయ్యండి అన్నాడు."

గళ్ళమ్మకి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. రెండూ వచ్చే దారిలో ఎక్కడో కునుకు తీస్తున్నాయి.

"నెలన్నర మామయ్యా! రోజూ నా పక్కనే కూర్చుని తిన్నారు!"

"నువ్వు రోజూ అద్దం అద్దం అంటుంటే, అద్దమే అయ్యుంటుందని నేనూ నమ్మేశానమ్మా. నాకూ హాయిగా ఉండేది." ఆయన గొంతు తగ్గింది. "ఇప్పుడేంటి? అందరికీ చెప్పాలా?"

ఆవిడ వేళ్ళు మడుస్తూ లెక్క వేసుకుంటోంది. లోపల ఏదో మెల్లగా కదులుతోంది. అద్దం సరైనదే. గళ్ళ బోర్డు సరైనదే. మొదటిరోజు కట్టిన మొదటి లెక్కే సరైనది. ఆపైన నలభై రెండుసార్లూ, ఒక వంకర కర్రకోసం మంచి అద్దాన్ని మెడలు వంచుతూ కూర్చుంది. అద్దాన్ని కాదు, కంప్యూటర్‌లో ఉన్న ఆ ఒక్క ఏడో గుంజని కర్రలాగే వంకర చేస్తే సరిపోతుంది. తిన్నగా ఉండాలని దాన్ని అంత తిన్నగా కట్టింది కూడా తనే.

"మామయ్యా, ఎటు తిరిగింది అది? ఎంత తిరిగింది? మీరు అడ్డంగా ఉన్నారు, నాకు కనిపించేది చివరి ముక్కే."

"నాకెలా తెలుస్తుందే, నేను ముందుకి తిరిగి ఉన్నాను కదా" అని, వీపు ఒకసారి తడుముకున్నారు. "నా వీపుకి తెలుసు."

గోడకి చేరబడి కళ్ళు మూసుకున్నారు. వీపు అటూ ఇటూ సర్దారు. "ఇదిగో, నడుం దగ్గర గుచ్చుకుంది. ఇక్కడ, రెక్క ఎముక కింద, బాగా ఒత్తింది. మెడ దగ్గరికొచ్చేసరికి వదిలేసి కుడికి పోయింది." చెవి మీద పెన్సిలు తీసి, మెట్ల గోడ మీద నేల నుంచి తన తల దాకా ఒక్క గీత గీశారు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. పైన తల దాటాక ఇంకో రెండు జానలు, మునివేళ్ళ మీద లేచి. దూరం జరిగి, ఒక కన్ను మూసి చూసి, "బొటనవేలుకి ఒక వెంట్రుక తక్కువ" అన్నారు.

గళ్ళమ్మ ఫోనులో ఆ గీతని ఫొటో తీసుకుని లోపలికి వెళ్ళింది. మొదటిరోజు లెక్క వెతికి తీసింది, దాని మీద దుమ్ము పట్టలేదన్నమాటే గానీ, పడితే దులుపుకునేదే. ఏడో కంప్యూటర్ గుంజ అడుగుభాగాన్ని మామగారి గీతలా వంచింది. పైకి పోయేకొద్దీ మెల్లగా తిన్నగా తెచ్చి, పదడుగుల ఎత్తులో మిగతా కోటతో కలిపేసింది. ఆపైన అన్నింటితో పాటు దానికీ అద్దం వంపు పెట్టింది. మొత్తం నలభై నిమిషాలు. మిషను బొమ్మలు అల్లి బయటికి ఇవ్వడానికి ఇంకో రెండు గంటలు. అది అల్లుతున్నంతసేపూ ఆవిడ గళ్ళ బోర్డుకి తల ఆనించి కూర్చుంది. చెంప మీద ఒక నల్ల గడి, ఒక తెల్ల గడి అచ్చు పడ్డాయట, రెండు రోజులు పోలేదట.

నాలుగూ యాభైకి ఇంకోసారి సారు వచ్చి నిలబడ్డాడు. నాలుగు సెకన్లు చూశాడు.

"ఇంకొక్కసారి."

చూపించింది.

"ఇంకొక్కసారి."

అలా పన్నెండుసార్లు. ఆయన ముక్కు తెరకి తగిలింది. ఏడో గుంజ కిందినుంచి పైకి, కర్రలోంచి కంప్యూటర్‌లోకి, ఎక్కడ దాటిందో తెలియకుండా దాటిపోయింది. దాని ముందు మామగారు, చెవి మీద పెన్సిలుతో, ఎవరు కదిపినా కదలనన్నట్టు.

"అతికింది" అన్నాడు సారు, నమ్మలేక. "ఏం చేశావమ్మా?"

"అద్దాన్ని దాని మానాన వదిలేశాను సార్."

ఏదో పెద్ద కిటుకు విన్నట్టు తలూపాడాయన. రెండు చుక్కలు వేసుకోబోయి, మూత తియ్యకుండానే సీసా జేబులో పెట్టేసుకున్నాడు. కళ్ళు అప్పటికే తడిగా ఉన్నాయి.

గళ్ళమ్మ ఇంటికొచ్చేసరికి మామగారు వాకిట్లోనే ఉన్నారు, తలుపు బందులకి నూనె వేస్తూ. ఆ తలుపుకి ఆ వారంలో అది ఐదోసారి.

"ఉన్నారు" అంది. "పెన్సిలుతో సహా."

ఆయన నూనె డబ్బా కింద పెట్టారు. "ఎవరికైనా...?"

"అద్దం దారికొచ్చిందని ఆఫీసు పుస్తకంలో రాశాను."

అంతే. ఇంట్లో అత్తగారికి గానీ, మొగుడికి గానీ, ఆ తర్వాత కూడా ఎవరూ చెప్పలేదు. మరి నాకెలా తెలుసంటారా? ఆ మెట్ల గోడకి సున్నం కొట్టినవాణ్ణి అడగండి. ఆ గీత మూడు పూతలకి గానీ పోలేదట.

సినిమా విడుదలైంది. వీధంతా రెండు వరసలు నిండిపోయారు. నర్సమ్మ కూడా వచ్చింది, బీపీ మిషను సంచిలో పెట్టుకుని, ఎందుకైనా మంచిదని. మామగారు ఉతికిన చొక్కా, చెవి మీద కొత్త పెన్సిలు. గళ్ళమ్మ కుర్చీలో వెనక్కి వాలింది, హాల్లో లైట్లు ఆరాయి, తెర మీద పేర్లు పడుతూండగానే నిద్రపోయింది. అలాంటిలాంటి నిద్ర కాదు. తెర మీద యుద్ధం జరిగింది, ఏనుగులు ఘీంకరించాయి, కోట తలుపులు బద్దలయ్యాయి. ఆవిడ గురక ఏనుగుల్లో కలిసిపోయింది.

ఏడు గుంజల ముక్క వచ్చింది. అత్తగారు కోడల్ని లేపబోతే మామగారు చెయ్యి పట్టుకుని ఆపారు. "పడుకోనీ. తను చూసినన్నిసార్లు ఇంకెవడూ చూడలేదు."

ఒకటి, రెండు, మూడు. వీధి వీధంతా ఊపిరి బిగబట్టింది. ఏడోది వచ్చింది. సెకనున్నర. అంచు కదా, అద్దం మామగారిని కూడా వదల్లేదు. పొట్ట పక్కకి సాగింది, అంచు వైపు చెవి చేటంత అయింది. అయినా ఆయనే. రెండు వరసలూ లేచి నిలబడి ఒకటే అరుపులు, ఈలలు. నర్సమ్మ ఒక పక్క ఈల వేస్తూనే ఇంకో పక్క ఆయన నాడి పట్టుకుంది. మామగారు మాత్రం మొహం వైపు చూసుకోలేదు. తల పైన రెండు జానల కర్రా, ఆపైన కోటా కలిసిన చోటే చూశారు. ఆ తర్వాత కుర్చీలో జారబడి, మొదటిసారి కాళ్ళు చాపుకున్నారు.

ఈ గోలంతా చూసి, టార్చి లైటుతో సీట్లు చూపించే ఆయన గోడ దగ్గర నిలబడి పెదవి విరిచాడు. పక్కనున్న పెద్దమనిషి చెవిలో, సర్వం తెలిసినవాడిలా అన్నాడు:

"ఈ కంప్యూటర్ వాళ్ళు ఎంత చేసినా నా దగ్గర దొరికిపోతారండి. కోట మొత్తం నిజంగా కట్టిందే, నేను వెళ్ళి ఎక్కొచ్చాను కూడా. ఆ ముసలాయనే కంప్యూటర్. పెన్సిలొక్కటే ఒరిజినల్."